ఆవు ఈనే ముందు: నడుము, నరాల జాగ్రత్తలు

ఈత దగ్గరపడితే అందరి చూపూ పొదుగు మీదే. నడుము సంగతి ఆవు ఈని, లేవలేక పడిపోయినప్పుడే గుర్తొస్తుంది. అప్పటికి సగం నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఆవుకు నడుములో 6 వెన్నుపూసలు ఉంటాయి. వాటి వెనక మరో 5 పూసలు అతుక్కుని ఒకే ఎముక, అంటే త్రికాస్థి, అవుతాయి. వెనక కాళ్లకు వెళ్లే పెద్ద నరాలు ఈ భాగం నుంచే బయలుదేరతాయి. వాటిలో అబ్చురేటర్ నరం దూడ బయటికొచ్చే దారికి ఆనుకునే కటి ఎముక లోపలివైపు సాగుతుంది. తొడల్ని దగ్గరగా పట్టి ఉంచే కండరాలకు ఆధారం ఇదే. వెనక కాలికి వెళ్లే మరో పెద్ద నరం సయాటిక్. దాని మూలాల్లో ఒకటి త్రికాస్థి కిందుగా దిగుతుంది. పెద్ద దూడ దారిలో ఇరుక్కుని ఎక్కువసేపు ఆగితే ఈ నరాలు ఎముకకూ దూడకూ మధ్య నలుగుతాయి. మొదటి ఈత ఆవులకు ఈ ప్రమాదం ఎక్కువ.

అందుకే నేల ముందే సిద్ధం చేయండి. నున్నటి సిమెంటు మీద ఈననివ్వొద్దు. అబ్చురేటర్ నరం నలిగిన ఆవు అలాంటి నేల మీద లేవబోతే రెండు కాళ్లూ చెరోవైపు జారి, తొడ కండరాలు చిరిగిపోతాయి. ఒక్కోసారి తుంటి కీలు కూడా తప్పుతుంది. నరం నలుగుడు మెల్లగా కోలుకోవచ్చు గానీ ఈ దెబ్బ నుంచి తేరుకోవడం చాలా కష్టం. మందంగా ఇసుక పోసి, పైన ఎండుగడ్డి పరిచి ఉంచండి.

నీళ్ల సంచి కనబడి గంట దాటినా ఈత ముందుకు సాగకపోతే డాక్టర్‌ని పిలవండి. నలుగురు చేరి తాడు కట్టి లాగడం, ట్రాక్టరుతో లాగించడం అస్సలు వద్దు. సాయం చేయాల్సి వస్తే ఆవు ముక్కినప్పుడే లాగాలి, అది ఆగితే మనమూ ఆగాలి.

ఈనాక లేవకపోతే నరం దెబ్బే అని తీర్మానించకండి. కాల్షియం తగ్గి వచ్చే పాలజ్వరం కూడా ఇలాగే పడేస్తుంది. చెవులు చల్లబడి, మెడ డొక్కవైపు తిప్పుకుని మత్తుగా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చెప్పండి. ఇది ప్రాణం మీదికి వస్తుంది.

పడుకుండిపోయిన ఆవు విషయంలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది గడియారం. వందల కిలోల బరువు కిందికాలి మీద పడితే తొడ కండరానికి రక్తం అందదు. కండరం ఉబ్బి, వెనకనుంచి వెళ్లే సయాటిక్ నరాన్ని మళ్లీ నొక్కుతుంది. గట్టి నేల మీద ఒకే పక్కన ఆరు గంటలు ఉంటే చాలు, కండరం చచ్చుబడడం మొదలవుతుంది. మొదట పడేసిన జబ్బు తగ్గినా ఆవు లేవకపోవడానికి తరచూ కారణం ఇదే. రెండు మూడు గంటలకోసారి పక్క మార్చండి, రాత్రి కూడా. పూర్తిగా పక్కకు వాలనివ్వకుండా, రొమ్ము మీద కూర్చునేలా గడ్డి మోపులు ఆనించండి. లేకపోతే కడుపు ఉబ్బుతుంది.

కాళ్లు జారుతుంటే గిట్టల పైన మెత్తటి తాడుతో రెండు వెనక కాళ్లనూ వదులుగా కలిపి కట్టండి, అడుగు వేసేంత ఎడం ఉండాలి. తోక పట్టి లేపొద్దు. తోక మొదట్లోని నరాలు దెబ్బతింటే పేడ, మూత్రం కూడా ఇబ్బందే. తుంటి ఎముకలకు బిగించి లేపే క్లాంపు వాడితే మెత్త కట్టి, కాసేపే నిలబెట్టి దించేయండి. ఇంజెక్షన్లు పిర్రలో కాకుండా మెడ కండరానికే ఇమ్మని అడగండి. బక్కచిక్కిన ఆవుకు పిర్రలో పొడిస్తే సూది సయాటిక్ నరానికి తగలొచ్చు.