ఇండికేటర్ వేస్తే వైపర్ తిరుగుతోందా? కుడి స్టీరింగ్ కార్లలో కంట్రోల్స్ చిక్కులు, పరిష్కారాలు

కారు మారినప్పుడల్లా చాలామంది అనే మాట ఒకటే: "ఏదో తేడాగా ఉంది." కొత్త బండి కావచ్చు, అద్దెకు తీసుకున్నది కావచ్చు, వేరే దేశం నుంచి దిగుమతైన సెకండ్ హ్యాండ్ బండి కావచ్చు. ఆ తేడా ఎక్కడుందో పట్టుకోవాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. స్టీరింగ్‌ని ఎడమ నుంచి కుడికి మార్చినంత మాత్రాన కారు లోపల ఉన్నవన్నీ అద్దంలో బొమ్మలా తిరగబడవు.

కొన్ని అసలు మారవు. పెడల్స్ వరుస, గేర్ల అమరిక ఏ దేశపు కారులోనైనా అవే. కొన్ని తప్పకుండా మారతాయి: స్పీడోమీటర్, డ్రైవర్ తలుపు మీద ఉండే విండో స్విచ్‌లు లాంటివి. మిగిలినవి కంపెనీ ఇష్టం. ఇండికేటర్, బానెట్ లివర్, హ్యాండ్‌బ్రేక్, ఫ్యూజ్ బాక్స్, వాల్యూమ్ నాబ్ ఈ కోవలోకి వస్తాయి. తలనొప్పంతా వీటితోనే. కింద చెప్పేవాటిలో కొన్ని అసలు లోపాలే కావు, ఆ బండి తయారైన తీరు అంతే. కొన్ని మాత్రం మెకానిక్‌కి చూపించి తీరాల్సినవి.

ఇండికేటర్ వేద్దామంటే వైపర్ తిరుగుతోంది

అందరికీ మొదట ఎదురయ్యేది ఇదే. ఎండ మాడిపోతుంటే వైపర్లు ఊగుతున్న కారు ముందు కనిపిస్తే, వెనకాల ఉన్నవాళ్లకు అర్థమైపోతుంది, ఈయన ఎటో మలుపు తిరగబోతున్నాడని. ఎటన్నది మాత్రం తెలియదు.

కారణం: కుడి స్టీరింగ్ కారులో గేర్ ఎడమ చేతి పని. మలుపు దగ్గర గేర్ తగ్గించేటప్పుడు ఖాళీగా ఉండేది కుడి చెయ్యి. అందుకే జపాన్‌లో అమ్మే కార్లలో ఇండికేటర్ లివర్ స్టీరింగ్‌కి కుడి వైపున, వైపర్ లివర్ ఎడమ వైపున ఉంటాయి. పాత బ్రిటిష్ కార్లలోనూ ఇండికేటర్ కుడి వైపే ఉండేది. యూరప్ కంపెనీలు ఎక్కువగా ఎడమ స్టీరింగ్ కార్లు తయారు చేస్తాయి. వాటిలో ఇండికేటర్ ఎడమ వైపు. కుడి స్టీరింగ్ దేశాల కోసం వేరే స్విచ్ తయారు చేయడం ఖర్చు కాబట్టి అదే స్విచ్‌ని ఉన్నదున్నట్టు బిగించేస్తాయి. కంపెనీ పేరు చూసి కూడా పూర్తిగా నమ్మలేం. జపాన్ కంపెనీ కారైనా బ్రిటన్‌లో అమ్మేదానికి ఇండికేటర్ ఎడమ వైపు ఉండవచ్చు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. వైపు మారితే పైకి, కిందికి అనేది కూడా తారుమారవుతుంది. లివర్ ఎడమ వైపు ఉంటే కుడి మలుపుకి పైకి ఎత్తాలి. అదే కుడి వైపు ఉంటే కుడి మలుపుకి కిందికి నొక్కాలి.

పరిష్కారం: పైకా కిందికా అని గుర్తుపెట్టుకోకండి. స్టీరింగ్ ఎటు తిరగబోతోందో లివర్ కూడా అటే తిరుగుతుంది. కుడికి తిప్పేటప్పుడు స్టీరింగ్ ఎడమ అంచు పైకి లేస్తుంది, కుడి అంచు కిందికి దిగుతుంది. లివర్ ఏ అంచు పక్కన ఉంటే ఆ అంచుతో పాటే కదులుతుంది. చెయ్యి స్టీరింగ్ మీదే ఉంచి, తిప్పబోయే దిశలోనే వేళ్లతో లివర్‌ని తోస్తే చాలు.

బండి కదిలించే ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి, రెండు వైపులా వేసి చూడండి. డ్యాష్‌బోర్డు మీద పచ్చ బాణం ఎటు వెలుగుతోందో చూసుకుంటూ చెయ్యికి అలవాటు చేయండి. ఇంట్లో రెండు రకాల కార్లు ఉండి రోజుకొకటి నడిపేవాళ్లకు ఈ గందరగోళం పూర్తిగా పోదు. కారు ఎక్కగానే ఒకసారి ఇండికేటర్ వేసి తీయడం అలవాటు చేసుకోవడమే మార్గం.

"లివర్లు అటూ ఇటూ మార్పించేస్తే పోలా?" అని గ్యారేజీలో అడిగేవాళ్లున్నారు. వద్దు. ఆ స్విచ్‌లను ఆనుకునే ఎయిర్‌బ్యాగ్ వైరింగ్, స్టీరింగ్‌తో పాటు చుట్టుకునే క్లాక్ స్ప్రింగ్ అనే వైరు చుట్ట ఉంటాయి. మలుపు అయ్యాక ఇండికేటర్ దానంతట అదే ఆగే ఏర్పాటు కూడా అక్కడే. అలవాటుతో పోయే ఇబ్బంది కోసం ఎయిర్‌బ్యాగ్ జోలికి వెళ్లడం తెలివైన పని కాదు.

ఇండికేటర్ వేయబోతే ఇంజిన్ గోల పెట్టింది, బండి లాగడం మానేసింది

ఇది పైదానికి అన్న లాంటి సమస్య. చాలా మెర్సిడెస్ ఆటోమేటిక్ కార్లలో గేర్ సెలెక్టర్ సీట్ల మధ్యలో ఉండదు. స్టీరింగ్ వెనక కుడి వైపు చిన్న లివర్‌లా ఉంటుంది. ఇండికేటర్, హై బీమ్, వైపర్ మూడూ ఎడమ లివర్‌లోనే. జపాన్ తరహా బండికి అలవాటు పడ్డ కుడి చెయ్యి ఇండికేటర్ అనుకుని సెలెక్టర్‌ని కదిపితే గేర్ న్యూట్రల్‌లో పడుతుంది. కాలు యాక్సిలరేటర్ మీదే ఉంటుంది కాబట్టి ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది.

కంగారులో లివర్‌ని అటూ ఇటూ ఊపకండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, లివర్‌ని కిందికి నొక్కి వదలండి. మీటర్లో 'డి' కనిపించాకే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కండి. గేర్‌బాక్స్ పాడైందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. ఒక్కసారి న్యూట్రల్‌లో పడినందుకు ఏమీ కాదు.

మూడో గేర్ వేద్దామంటే ఐదు పడుతోంది

ఎడమ స్టీరింగ్ కారు నడిపి వచ్చినవాళ్లు ముందు కుడి చేత్తో తలుపుని కొడతారు. అది రెండు మూడు రోజుల ముచ్చట. అసలు ఇబ్బంది వేరు. గేర్ల అమరిక తిరగబడదని పైన చెప్పాను కదా. ఒకటో గేర్ ఎప్పుడూ ఎడమ చివరే. ఎడమ స్టీరింగ్ కారులో అది డ్రైవర్‌కి దగ్గర, కుడి స్టీరింగ్ కారులో దూరం. ఐదో గేర్ మీ మోకాలి వైపు వస్తుంది. రెండు నుంచి మూడుకి వెళ్లేటప్పుడు ఎడమ చెయ్యి తెలియకుండానే లివర్‌ని ఒంటి వైపు లాక్కుంటుంది. మూడు దాటి ఐదులో పడుతుంది. బండి గుర్రుమంటూ ఆగిపోయేలా ఊగుతుంది.

దీనికంటే ప్రమాదం గేర్ తగ్గించేటప్పుడు. ఐదు నుంచి నాలుగుకి దించబోయి గట్టిగా అవతలికి తోస్తే రెండు పడుతుంది. అంత వేగంలో రెండో గేర్ పడి క్లచ్ వదిలితే ఇంజిన్ తట్టుకోలేనంత వేగంగా తిరుగుతుంది. వాల్వులు వంగే దాకా పోవచ్చు.

లివర్‌ని పిడికిలితో పట్టుకోవద్దు. న్యూట్రల్‌లోకి తెచ్చి వదిలేస్తే లోపలి స్ప్రింగ్ దాన్ని మూడు, నాలుగు గేర్ల వరుసలోకే తెస్తుంది. అక్కడి నుంచి తెరిచిన అరచేత్తో నేరుగా పైకి తోస్తే మూడు, వేళ్లతో నేరుగా కిందికి లాగితే నాలుగు. పక్కకు బలం పెట్టాల్సిన పనే లేదు. ఇలా చేసినా తప్పు గేరే పడుతుంటే అప్పుడు లివర్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే లింకేజీలో బుష్‌లు (కీళ్ల దగ్గరి తొడుగులు) అరిగాయేమో చూపించండి.

రివర్స్ గేర్ స్థానం మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. కొన్నిట్లో ఒకటో గేర్ పక్కనే ఉంటుంది. లివర్ మీద బొమ్మ చూడకుండా ఊహించుకోవద్దు.

ఎడమ కాలికి చోటు లేదు, ఒక్కోసారి రెండు పెడల్స్ కలిపి తొక్కుతున్నాను

ముందు చక్రం తిరగడానికి కావలసిన గుంత లోపలికి ఉబ్బెత్తుగా వస్తుంది. కుడి స్టీరింగ్ కారులో అది యాక్సిలరేటర్ పక్కనే వస్తుంది కాబట్టి పెడల్స్ మొత్తాన్ని ఎడమకు నెడుతుంది. ఎడమ వైపేమో మధ్య కన్సోల్ అడ్డం. చిన్న కార్లలో క్లచ్ పక్కన కాలు ఆనించే చోటే మిగలదు. కొన్ని బండ్లలో సీటు, స్టీరింగ్, పెడల్స్ ఒకే గీత మీద ఉండవు. నడుము కొద్దిగా మెలితిరిగినట్టు కూర్చోవాల్సి వస్తుంది. దూర ప్రయాణాల్లో తుంటి దగ్గర నొప్పి వస్తుంటే ఇదీ ఒక కారణం కావచ్చు.

దీన్ని ఏ మెకానిక్కూ సరిచేయలేడు. సీటు ఎత్తు, దూరం మార్చి చూడాలి. అంచు వెడల్పున్న షూస్ మానేయాలి. కొనబోయే ముందు టెస్ట్ డ్రైవ్‌లో ఫీచర్లు చూసే బదులు బ్రేక్ పెడల్ కుడి కాలికి సూటిగా వస్తోందో లేదో చూసుకోండి.

మ్యాట్ సంగతి మాత్రం వెంటనే చూడండి. ఎడమ స్టీరింగ్ మోడల్‌కి కత్తిరించిన మ్యాట్ కుడి వైపు సరిగ్గా కూర్చోదు. ముందుకు జరిగి యాక్సిలరేటర్ కింద ఇరుక్కుంటుంది. కొక్కేలకు తగిలించని మ్యాట్, ఒకదాని మీద ఒకటి వేసిన మ్యాట్లు రెండూ ప్రమాదమే.

బానెట్ తెరిచే లివర్ కనిపించడం లేదు

డ్రైవర్ వైపు ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే పక్క సీటువాళ్ల కాళ్ల దగ్గర ఉంటుంది. యూరప్ డిజైన్ కార్లలో దాని కేబుల్ దారి మార్చకుండా వదిలేయడం మామూలే. గ్లోవ్ బాక్స్ మరీ చిన్నగా ఉంటే ఫ్యూజ్ బాక్స్ దాని వెనకే మిగిలిపోయి ఉండవచ్చు. పెట్రోల్ మూత ఏ వైపో స్టీరింగ్‌ని బట్టి చెప్పలేం. ఫ్యూయల్ గేజ్‌లో పంపు బొమ్మ పక్కన చిన్న బాణం ఉంటే అది చూపించే వైపే మూత.

బ్రేక్ మెత్తగా ఉంది

ఇక్కడ జాగ్రత్త. కొన్ని మోడళ్లలో స్టీరింగ్ కుడికి వచ్చినా బ్రేక్ బూస్టర్ (కాలి బలాన్ని పెంచేది), మాస్టర్ సిలిండర్ (బ్రేక్ ఫ్లూయిడ్‌ని చక్రాలకు తోసేది) ఎడమ వైపే ఉండిపోతాయి. పెడల్‌కీ వాటికీ మధ్య కారు వెడల్పునా ఒక అడ్డ కడ్డీ ఉంటుంది. అందువల్ల తొక్కగానే మొదట కాస్త ఖాళీగా అనిపించి తర్వాత పట్టుకుంటుంది. కొత్తదిగా ఉన్నప్పటి నుంచీ అలాగే ఉండి, ఏమీ మారకపోతే అది ఆ బండి స్వభావం. ఈ మధ్యకాలంలో మెత్తబడితే మాత్రం లోపమే. ఎక్కడుందో ఇలా తెలుసుకోవచ్చు:

- బండి ఆపి, ఇంజిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచి పెడల్‌ని వరసగా నాలుగైదుసార్లు తొక్కితే గట్టిపడుతోందా? బ్రేక్ గొట్టాల్లో గాలి చేరి ఉండవచ్చు, వెనక చక్రాల బ్రేక్ షూస్ అరిగి ఉండవచ్చు.
- ఒకే బలంతో తొక్కి ఉంచితే మెల్లగా కిందికి దిగిపోతోందా? మాస్టర్ సిలిండర్ లోపల కారుతోంది, లేదా ఎక్కడో ఫ్లూయిడ్ లీక్ ఉంది. బండి కదిలించకుండా మెకానిక్‌ని పిలవండి.
- ఈ రెండూ కాకుండా తొక్కినప్పుడు టక్కుమని శబ్దం, ఖాళీ ఆట కనిపిస్తోందా? ఆ అడ్డ కడ్డీ బుష్‌లు చూడమనండి. ఎడమ స్టీరింగ్ కార్లు చూసి అలవాటైన మెకానిక్‌కి అలాంటి కడ్డీ ఒకటుందనే తట్టకపోవచ్చు.

వైపర్ వేసినా ముందు అద్దం కుడి స్తంభం పక్కన తుడవడం లేదు

వైపర్లు తిరిగే దిశ ఎడమ స్టీరింగ్‌కి తగ్గట్టే వదిలేసిన కార్లలో, అద్దం కుడి పై మూల తడిగానే ఉండిపోతుంది. దానికి మందు లేదు. కానీ ముందు బ్లేడ్లు తారుమారు కాలేదని నిర్ధారించుకోండి. రెండు బ్లేడ్ల పొడవు సాధారణంగా ఒకటి కాదు. కుడి స్టీరింగ్‌కి సరిగ్గా మార్చిన కార్లలో పొడుగుది డ్రైవర్ వైపు ఉంటుంది. దేని కొలత ఎంతో మాన్యువల్‌లో చూసి బిగించుకోండి. తడి మిగులుతోందని అంతకంటే పొడుగు బ్లేడ్ వేస్తే రెండూ ఒకదానికొకటి తగులుతాయి.

డిమ్‌లో ఉన్నా ఎదుటివాళ్లు లైట్లు కొడుతున్నారు

డిమ్ లైట్ వెలుగు రెండు వైపులా సమానంగా పడదు. రోడ్డు అంచు వైపు కాస్త ఎత్తుగా, ఎదురు బండ్ల వైపు తక్కువగా పడేలా ఉంటుంది. కుడి పక్కన నడిచే దేశానికి తయారైన లైట్లను ఎడమ పక్కన నడిచే రోడ్ల మీద వాడితే ఆ ఎత్తు భాగం సరిగ్గా ఎదుటి డ్రైవర్ కళ్లలో పడుతుంది. దిగుమతి బండి అయితే, లేదా పాత సామాన్ల షాపులో లైట్ కొని బిగించి ఉంటే ఇదే మొదటి అనుమానం.

కారుకి ఎదురుగా నిలబడి లైట్ గాజు మీద అచ్చులు చూడండి. యూరప్ నిబంధనల ప్రకారం చేసిన లైట్లలో, ఎడమ పక్కన నడిచే దేశాల దానికి మీ కుడి చేతి వైపు చూపే బాణం ఉంటుంది. రెండు వైపులా చూపే బాణం ఉంటే లైట్‌ని రెండు పద్ధతులకూ మార్చుకోవచ్చని అర్థం. వెనక చిన్న లివర్ ద్వారానో, స్క్రీన్ మెనూ ద్వారానో అది మారుతుంది. బాణమే లేకపోతే అది కుడి పక్క ట్రాఫిక్‌కి చేసింది. దాన్ని మార్చాల్సిందే. స్క్రూ తిప్పి కిందికి దించితే ఎదుటివాళ్లకు బాధ తగ్గుతుంది, కానీ మీకు రోడ్డు కనిపించదు. బాణం సరిగ్గానే ఉంటే అప్పుడు లైట్ ఎత్తు సెట్టింగ్ చూపించండి.

జపాన్ నుంచి వచ్చిన బండిలో రేడియో స్టేషన్లు దొరకడం లేదు

రేడియో పాడవలేదు. జపాన్‌లో ఎఫ్ఎం 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. పాత సెట్లు 90 దాకానే వెళ్తాయి. మిగతా చాలా దేశాల్లో 87.5 నుంచి 108 వరకు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న కాస్త చోటులో ఉన్న స్టేషన్లే పలుకుతాయి. ఏరియల్ వైరుకి బ్యాండ్ ఎక్స్‌పాండర్ అనే చిన్న డబ్బా తగిలిస్తే పై స్టేషన్లను కిందికి దించి వినిపిస్తుంది. 14 మెగాహెర్ట్జ్ దించే రకమైతే 98.3 స్టేషన్ మీ రేడియోలో 84.3 దగ్గర దొరుకుతుంది. అయినా 104 పైన ఉన్నవి అందవు, శబ్దం నాణ్యత కూడా కొంచెం తగ్గుతుంది. మెనూలన్నీ జపనీస్‌లోనే ఉండి, మ్యాప్ కూడా జపాన్‌దే చూపిస్తుంటే ఎక్స్‌పాండర్ మీద డబ్బు పెట్టడం దండగ. స్టీరియో సెట్టే మార్చేయండి. మార్చేటప్పుడు వాల్యూమ్ నాబ్ కుడి వైపు ఉన్నది దొరుకుతుందేమో అడగండి. ఎడమ చివర నాబ్ ఉంటే ప్రతిసారీ స్క్రీన్ దాటించి చెయ్యి చాచాలి.