ఎయిర్ ఫ్రయర్‌లో ఎండు నెత్తళ్లను కరకరలాడేలా వేయించడం ఎలా?

శ్రీకాకుళం జిల్లాలోని భావనపాడు, కళింగపట్నం, బారువ వంటి తీరగ్రామాలలోనూ, విజయనగరం జిల్లాలోని చింతపల్లిలోనూ వలలో పడిన నెత్తళ్లలో ఆ పూటకు అమ్ముడుపోనివి ఎండకు చేరతాయి. ఎండిన ఆ చిన్న చేపలే వారపు సంతల మీదుగా లోపలి ఊళ్లకు వెళ్లి, ఏడాది పొడవునా చోడి (రాగి) అంబలికీ, చద్దన్నానికీ, పప్పుచారుకూ తోడవుతాయి. మరపడవల వేటపై నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే ఆ 61 రోజులలో, పచ్చి చేప దొరకడం తగ్గుతుంది కనుక ఇంట్లో డబ్బా నిండా ఎండు నెత్తళ్లు ఉండడం పెద్ద ధైర్యం.

వీటిని వేయించడానికి మనం సాధారణంగా మూకుడునే వాడతాము. మూకుడులో పొడిగా వేయిస్తే పొయ్యి దగ్గరే నిలబడి ఆపకుండా కలుపుతూ ఉండాలి. ఒక్క నిమిషం ఏమరినా తోకలు మాడిపోతాయి, నడుము భాగం మాత్రం మెత్తగా ఉండిపోతుంది. నూనెలో వేయిస్తే కరకర వస్తుంది కాని, కడిగిన తడి కాస్త మిగిలినా నూనె చేతుల మీదకు చిందుతుంది, చేప కూడా నూనెను బాగా పీల్చుకుంటుంది. ఎయిర్ ఫ్రయర్‌ను వేపుడు పాత్రగా కాకుండా ఆరబెట్టే యంత్రంగా భావించి వాడితే ఈ రెండు ఇబ్బందులూ తీరతాయి. అందులో పైన ఉండే కాయిల్ వేడెక్కుతుంది, ఫ్యాను ఆ వేడిగాలిని చిల్లుల బుట్ట చుట్టూ వేగంగా తిప్పుతుంది. ఆ గాలి ముందుగా చేపలోని తడిని లాగివేస్తుంది. తడి పోయిన తరువాతే రంగు మారడం, కరకరలాడడం మొదలవుతాయి. సముద్రపు ఒడ్డున ఎండ సగం చేసి వదిలిన పనిని ఈ యంత్రం పూర్తి చేస్తుందన్న మాట. ఇక్కడ చెప్పబోయే ప్రతి అడుగుకూ కారణం ఇదే.

విదేశాలలో ఉన్న మన పిల్లలు ఇదే యంత్రంలో బేకన్‌ను, అంటే ఉప్పు పట్టించి పలుచగా కోసిన పంది మాంసాన్ని, 200 డిగ్రీల వేడిలో చుక్క నూనె లేకుండా వేయించుకుంటూ ఉంటారు. అది చూసి నెత్తళ్లకు కూడా అంతే వేడి పెట్టకూడదు. బేకన్‌లో కొవ్వు చాలా ఎక్కువ కనుక అది కరిగి, ముక్క తన కొవ్వులోనే వేగుతుంది. నెత్తలికి కొవ్వూ తక్కువే, మందమూ తక్కువే. నేను మొదటిసారి 200 డిగ్రీలు పెట్టి, పైన జాలీ కూడా కప్పకుండా వేయించినప్పుడు, సగం చేపలు నల్లబడి చేదెక్కాయి. నాలుగైదు చేపలు గాలికి లేచి కాయిల్‌కు అతుక్కుని కాలిపోవడంతో ఆ వాసన రెండు రోజుల వరకు వంటింటిని వదలలేదు.

ఏమేమి కావాలి

నలుగురికి నంజుకోవడానికి 100 గ్రాముల ఎండు నెత్తళ్లు సరిపోతాయి. వాటికి ఒక చెంచా నువ్వుల నూనె గాని వేరుశనగ నూనె గాని, పావు చెంచా పసుపు, అర చెంచా కారం, పొట్టుతోనే చితక్కొట్టిన నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, రెండు రెమ్మల కరివేపాకు తీసుకోవాలి. ఉప్పు అక్కరలేదు. నాలుగు లీటర్ల ఎయిర్ ఫ్రయర్ అయితే ఈ కొలత ఒకటి లేదా రెండు వాయిలలో అయిపోతుంది. బుట్టలో పట్టే చిన్న స్టీలు జాలీ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. కొన్ని యంత్రాలతో పాటే కాళ్లున్న జాలీ ఇస్తారు, దానిని తిరగేసి చేపల మీద పెట్టినా పని జరుగుతుంది.

ప్లగ్గు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఈ యంత్రాలు ఎక్కువగా 1400 నుంచి 1500 వాట్లవి. 230 వోల్టుల దగ్గర 1500 వాట్ల యంత్రం సుమారు ఆరున్నర ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది కనుక, ఫ్యాన్లకూ దీపాలకూ వాడే 6 ఆంపియర్ల చిన్న సాకెట్టు దీనికి చాలదు. ఫ్రిజ్‌కు, గీజర్‌కు వాడే 16 ఆంపియర్ల సాకెట్టులోనే పెట్టాలి. పొడిగింపు బోర్డులు వద్దు.

చేపను ఎంచుకోవడం

మంచి ఎండు నెత్తలి వెండి రంగులో మెరుస్తూ, వంచితే వంగకుండా విరగాలి. మా సంతలో ఎండు చేపలు అమ్మే ఒక పెద్దావిడ చేతిలో ఒక చేప పెట్టి, "ఇరిసి సూడమ్మా, టక్కుమనాల" అన్నారు. అంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. వంగి, రబ్బరులా సాగే చేపలో ఇంకా తడి ఉన్నట్టే. అది త్వరగా బూజు పడుతుంది, ఎంత వేయించినా బయట మాడి లోపల మెత్తగా మిగులుతుంది. పసుపు రంగుకు తిరిగి ముక్కుకు ఘాటుగా కొట్టే చేపలో కొవ్వు పాడైపోయిందని గుర్తు. ఉప్పు చేపల మీద గులాబీ రంగు మచ్చలు కనిపించినా, అడుగున పొడి రాలి పురుగు ఆనవాళ్లు ఉన్నా తీసుకోకూడదు. నేల మీద, ఇసుకలో ఎండబెట్టిన చేప కంటే వలల మీద, ఎత్తైన పందిళ్ల మీద ఎండబెట్టినది శుభ్రంగా ఉంటుంది కనుక, అమ్మేవారిని అడిగి తెలుసుకోవడంలో తప్పు లేదు.

బాగు చేసి కడగడం

మొదట చేపలను పెద్ద చిల్లుల జల్లెడలో వేసి గట్టిగా కదిపితే ఇసుక, పొలుసు, విరిగిన తోకల పొడి కిందికి రాలిపోతాయి. తరువాత ఒక్కొక్క చేప తలను రెండు వేళ్లతో పట్టి పొట్ట వైపుకు విరిచి లాగితే, తలతో పాటు నల్లటి పేగు కూడా దారంలా బయటకు వస్తుంది. చేదు అంతా ఆ పేగులోనే ఉంటుంది. మూడు సెంటీమీటర్ల కంటే చిన్న నెత్తళ్లకు ఈ శ్రమ అవసరం లేదు. పెద్దవాటికి మాత్రం, ఎంత సమయం పట్టినా, తప్పించుకోకూడదు.

ఇప్పుడు గోరువెచ్చని నీటిలో చేపలను వేసి, చేతివేళ్లతో కలిపి, నీటిని ఒంచకుండా చేపలను పైనుంచి ఎత్తి తీయాలి. నీరు ఒంపితే అడుగున దిగిన ఇసుక మళ్లీ చేపల మీదకే వస్తుంది. ఇలా రెండు మూడుసార్లు, నీరు తేటగా వచ్చేవరకు చేయాలి. ఒక్కొక్క కడుగు అర నిమిషం దాటకూడదు. ఉప్పు వేసి ఎండబెట్టిన చేప అయితే మాత్రం ఐదు నిమిషాలు నానబెట్టవచ్చు. ఎంత ఉప్పు మిగిలిందో తెలియనప్పుడు ముందుగా రెండు చేపలను వేయించి రుచి చూడడం మంచిది, ఎందుకంటే వేగిన తరువాత ఉప్పును తగ్గించే మార్గం లేదు. రక్తపోటు ఉన్నవారు ఇంట్లో ఉంటే ఉప్పు వేయని చేపనే కొనడం అన్ని విధాలా మేలు.

తడి ఆర్చడం

అందరూ తొందరపడేది ఈ దశలోనే. కడిగిన చేపలను పొడి నూలుగుడ్డలో మూటగా కట్టి మెల్లగా అదిమి, తరువాత విశాలమైన పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరచి, అరగంట ఎండలో పెట్టాలి. నాగావళి, వంశధార పరివాహకంలో వానలు పడే రోజులలో గాలిలోనే తడి ఉంటుంది కనుక ఎండను నమ్ముకోలేము. అప్పుడు చేపలను ఎయిర్ ఫ్రయర్ బుట్టలోనే పలుచగా పరచి, పైన జాలీ పెట్టి, 100 డిగ్రీల వేడిలో ఆరు నిమిషాలు ఉంచాలి. చేప తాకితే పొడిగా, తేలికగా అనిపించాలి. వేళ్లకు తడి అంటితే మరో రెండు నిమిషాలు పెట్టాలి. తడి చేపను నేరుగా ఎక్కువ వేడిలో పెడితే, లోపలి తడి ఆవిరిగా మారి పైభాగాన్ని మెత్తబరుస్తుంది. చివరికి రంగు వస్తుంది కాని కరకర రాదు.

వేయించడం

ఆరిన చేపలను గిన్నెలోకి తీసుకుని నూనె, పసుపు వేసి, ప్రతి చేపకూ పలుచగా నూనె అంటేలా చేతితో కలపాలి. నెత్తలిలో సొంత కొవ్వు తక్కువ కనుక ఈ చెంచా నూనె కావాలి. చేప మీద వేడి సమంగా పాకడానికి, రంగు ఒకేలా రావడానికి అదే సాయపడుతుంది. కారం ఇప్పుడే వేయకూడదు. వేడిగాలికి కారం పొడి లేచి కాయిల్ మీద పడి మాడుతుంది, ఆ ఘాటుకు ఇంట్లో అందరికీ దగ్గు వస్తుంది.

యంత్రాన్ని 160 డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు ఖాళీగా వేడెక్కనిచ్చి, చేపలను ఒకే వరుసగా పరచి, జాలీ కప్పి, ఏడు నిమిషాలకు సమయం పెట్టాలి. మూడవ నిమిషంలో ఒకసారి బుట్టను బయటకు తీసి కదపాలి. అప్పుడే చితక్కొట్టిన వెల్లుల్లిని చేపల మధ్యలో వేయాలి. ఐదవ నిమిషం నుంచి ప్రతి నిమిషానికీ తీసి చూడడం మంచిది, ఎందుకంటే చేప పరిమాణాన్ని బట్టి, యంత్రాన్ని బట్టి సమయం మారుతుంది, చివరి ఒక్క నిమిషంలోనే బంగారు రంగు గోధుమ రంగై నల్లబడేదాకా పోతుంది. చివరి నిమిషం మిగిలి ఉండగా నూనె రాసిన కరివేపాకును చేపల కింద దూర్చాలి, పైన వేస్తే గాలికి ఎగిరిపోతుంది.

కోరుకున్న రంగు పూర్తిగా రాకముందే, కాస్త లేతగా ఉండగానే చేపలను తీసేయాలి. బయటకు తీసిన తరువాత కూడా లోపలి వేడికి రంగు కొద్దిగా ముదురుతుంది. వేడి మీద ఉన్నప్పుడు చేప కొంచెం మెత్తగా అనిపించడం సహజమే. పళ్లెంలో పలుచగా పరచి మూడు నిమిషాలు చల్లారనిస్తే కరకర దానంతట అదే వస్తుంది. గోరువెచ్చగా ఉండగానే కారం చల్లి కలిపితే, అంటుకుని ఉన్న నూనె దానిని పట్టుకుంటుంది. మూత పెట్టిన గిన్నెలో మాత్రం వేడి చేపను వేయకూడదు, ఆవిరి పట్టి మళ్లీ మెత్తబడుతుంది.

వడ్డన, నిల్వ, యంత్రం శుభ్రత

చోడి అంబలిలో పచ్చి ఉల్లిపాయతో పాటు ఇవి నంజుకుంటే ఆ రుచి నిండుగా ఉంటుంది. ముళ్లతో సహా నమిలి తినే చేప కనుక ఎముకలోని కాల్షియం కూడా అందుతుంది. చిన్నపిల్లలకు పెట్టేటప్పుడు ముళ్లు పూర్తిగా విరిగేలా వేగాయో లేదో చూసి, పొడిగా నలిపి అన్నంలో కలపాలి.

మిగిలినవాటిని పూర్తిగా చల్లారిన తరువాత గాజు సీసాలో గట్టిగా మూతపెడితే మూడు నాలుగు రోజులు కరకరలాడతాయి. మెత్తబడితే 150 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు పెడితే చాలు. వెల్లుల్లి, కరివేపాకు వేసినవి ముందుగా మెత్తబడతాయి కనుక, నిల్వ చేయదలచిన భాగాన్ని అవి వేయకుండానే వేయించుకోవాలి.

వాసన గురించి భయపడేవారు కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి మొదలుపెట్టాలి. పని కాగానే యంత్రాన్ని ప్లగ్గు తీసి చల్లారనిచ్చి, బుట్టను, జాలీని వేడినీటిలో నిమ్మ చెక్కలు వేసి పావుగంట నానబెట్టి తోమాలి. యంత్రాన్ని తలకిందులు చేసి కాయిల్‌ను తడి పిండిన గుడ్డతో తుడవడం మరిచిపోకూడదు. అక్కడ అతుక్కున్న చిన్న తోక ఒక్కటి మిగిలినా, మరుసటి రోజు అదే యంత్రంలో చేసే కేకుకు చేప వాసన పడుతుంది.