ఉబైద్ జాకానీని ఏ వరుసలో చదవాలి? హైదరాబాదు పాఠకులకు ఒక దారి

14వ శతాబ్దపు పారశీక వ్యంగ్య రచయిత ఉబైద్ జాకానీని చదవాలనుకునే వారికి సాధారణంగా ముందుగా అందేది ‘మూష్-ఒ-గుర్బా’, అంటే ఎలుకలూ పిల్లీ కథాకావ్యం. దానితో మొదలుపెట్టవద్దని నా సలహా. నేపథ్యం తెలియకుండా చదివితే అది పిల్లల కథగానే మిగిలిపోతుంది. దానిని చివరికి ఉంచుకొని, గద్య రచనలతో ప్రారంభించండి.

ముందుగా కాస్త చరిత్ర తెలుసుకోవాలి. ఉబైద్ సుమారు 1300లో కజ్వీన్ ప్రాంతంలో, పూర్వం అరబ్బు దేశాల నుంచి వచ్చి స్థిరపడిన జాకానీ వంశంలో పుట్టి, 1371 ప్రాంతంలో మరణించాడు. ఇరాన్‌ను ఏలిన మంగోలు సుల్తాను అబూ సయీద్ 1335లో వారసుడు లేకుండా చనిపోవడంతో రాజ్యం ముక్కలైంది. షీరాజ్‌లో అబూ ఇస్‌హాక్ ఇంజూ కవులను ఆదరించాడు. ఉబైద్, హాఫిజ్ ఇద్దరూ ఆ నీడలో ఉన్నవారే. 1353లో ముజఫ్ఫరీ వంశపు ముబారిజుద్దీన్ షీరాజ్‌ను పట్టుకొని మధుశాలలు మూయించాడు, 1357లో అబూ ఇస్‌హాక్‌కు మరణశిక్ష వేయించాడు. ఈ సంవత్సరాలను పుస్తకం మొదటి పుటలో పెన్సిలుతో రాసుకుంటే తరువాత ఎంతో ఉపయోగపడుతుంది.

మొదట చదవవలసినది ‘తారీఫాత్’. ఇది నిఘంటువు రూపంలో సాగే హేళన. న్యాయాధికారి అంటే అందరూ శపించేవాడు, దళారి అంటే బజారు దొంగ, వైద్యుడు అంటే తలారి, పండితుడు అంటే బతకడానికి కావలసిన తెలివి లేనివాడు. వైద్యుణ్ణి యమధర్మరాజుకు సోదరుడని పిలిచి నమస్కరించే చాటు శ్లోకం తెలిసిన మనకు ఈ ధోరణి కొత్తది కాదు. ఒక్కో నిర్వచనం ఒక వాక్యానికి మించదు కాబట్టి మూలంలో రుచి చూడటానికి కూడా ఇదే అనువైనది. 19వ శతాబ్ది చివరి దశకాల దాకా పారశీకం పాలనా భాషగా ఉన్న ఊరు మనది. ఉర్దూ చదవడం వచ్చిన మిత్రుడు ఒకరు పక్కన కూర్చుంటే లిపి అడ్డు తొలగుతుంది, సగం మాటలు ఆయనకు ముందే తెలిసి ఉంటాయి.

తరువాత ‘రిసాలా-ఎ-దిల్‌గుషా’లోని చిట్టికథలు చదవండి. గజనీ సుల్తాను మహమూద్ ఆకలి మీద వంకాయ కూర తిని మెచ్చుకుంటే కొలువులోని మనిషి వంకాయను పొగుడుతాడు. కడుపు నిండాక సుల్తాను తెగడితే తానూ తెగడుతాడు. ఇదేమిటని అడిగితే, నేను తమరి కొలువులో ఉన్నాను గాని వంకాయ కొలువులో కాదంటాడు. మనం దీనిని బీర్బలు కథగా విన్నాం, కాని ఉబైద్ దీనిని అక్బరు పుట్టడానికి చాలా ముందే రాసిపెట్టాడు. (బగారా బైంగన్ వడ్డించే ఊళ్లో ఈ కథ చెప్పడానికి వేరే సందర్భం వెతకనక్కరలేదు.) ఆయన సొంత ఊరినీ వదలలేదు: పెద్ద డాలు పట్టుకొని యుద్ధానికి వెళ్లిన కజ్వీనీ ఒకడు, కోట మీది నుంచి రాయి తలకు తగిలితే, ఇంత డాలు కనబడక తల మీద కొట్టావా, గుడ్డివాడా అని విసిరినవాణ్ణి కోప్పడతాడు.

అసలు సరుకు 1340లో రాసిన ‘అఖ్లాఖుల్ అష్రాఫ్’లో ఉంది. దీనికి ఎక్కువ సమయం కేటాయించండి. దాదాపు వందేళ్ల ముందు నసీరుద్దీన్ తూసీ రాసిన గంభీరమైన నీతిగ్రంథపు పద్ధతిని ఉబైద్ ఇందులో అనుకరించాడు. ఏడు అధ్యాయాలలోనూ ధైర్యం, న్యాయం, దాతృత్వం వంటి గుణాలను తీసుకొని, ముందు ‘రద్దయిన మతం’ (మతం అంటే ఇక్కడ సిద్ధాంతం) పేరుతో పెద్దల మాటను, ఆ వెంటనే ‘స్వీకరించిన మతం’ పేరుతో తన కాలపు ప్రభువుల ఆచరణను చెబుతాడు. మొదటి భాగాన్ని విసుగని దాటవేయకూడదు, ఎందుకంటే రెండవ భాగపు విరుపంతా దాని మీదనే ఆధారపడి ఉంది. న్యాయాన్ని గురించిన అధ్యాయంలో, 1258లో బాగ్దాదును పట్టుకున్న మంగోలు ప్రభువు హులాగు, చేతిపనివారిని వారి పనికి పంపి, వర్తకులకు పెట్టుబడి ఇచ్చి, న్యాయాధికారులనూ షేకులనూ దండగమారి మనుషులని టైగ్రిస్ నదిలో ముంచించాడని ఉబైద్ ముఖంలో ఏ భావమూ లేకుండా చెబుతాడు. న్యాయం పట్టుకున్నందువల్లనే అబూ సయీద్ వంశం నశించిందని కూడా అంటాడు. ఇక్కడ నవ్వు వచ్చి ఆగిపోతే, ఆ అధ్యాయాన్ని మరోసారి చదవాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం: ఉబైద్ రచనలలో బూతు విస్తారంగా ఉంది. కవి చౌడప్పను ఏరివేతలు లేకుండా చదివినవారు బెదరరు. తక్కినవారు మాత్రం అనువాదకుని పీఠికలో ఏమి తీసివేశారో చూసుకొని పుస్తకం ఎంచుకోవాలి. బాగా కత్తిరించిన ప్రతిలో ఈ రచయిత సగమే దొరుకుతాడు.

ఇప్పుడు పిల్లి కథకు రండి. కెర్మాను పట్టణపు పిల్లి ఒకటి, తాగి ఉన్న ఎలుకను చంపి, మసీదులో పశ్చాత్తాపం ప్రకటిస్తుంది. నమ్మి కానుకలు తెచ్చిన ఎలుకలలో ఐదింటిని పట్టుకుంటుంది. యుద్ధంలో ఓడి బందీ అయినా తాళ్లు తెంచుకొని ఎలుకల సైన్యాన్ని చెల్లాచెదురు చేస్తుంది. చిన్నయసూరి దీర్ఘకర్ణాన్ని బడిలో చదివిన మనకు దొంగజపం చేసే పిల్లి పరిచితమే. ముబారిజుద్దీన్ కెర్మాను నుంచి వచ్చినవాడు కాబట్టి పిల్లి ఆయనేనని చాలామంది అంటారు. అసలు ఈ కావ్యం ఉబైద్‌ది కాదన్న పండితులూ ఉన్నారు. ఆ పోలికను అంగీకరించే ముందు ముగింపును మళ్లీ చూడండి: ముబారిజుద్దీన్‌ను 1358లో కన్నకొడుకు షాహ్ షుజా పదవి నుంచి దించి కళ్లు పోగొట్టించాడు, కావ్యంలోని పిల్లికి మాత్రం ఏ శిక్షా పడలేదు.