అమెరికా సర్వే వార్తను ఫార్వర్డ్ చేసే ముందు

‘వలసలొద్దంటున్న అమెరికన్లు’ అని ఓ హెడ్డింగ్ వస్తే చాలు, హైదరాబాద్‌లో పిల్లల్ని అక్కడికి పంపిన ఇళ్లన్నిటి వాట్సాప్ గ్రూపుల్లో క్షణాల్లో తిరిగేస్తుంది. ఫార్వర్డ్ చేసే ముందు సర్వే చేసిన సంస్థ వెబ్‌సైట్ తెరిచి, అడిగిన ప్రశ్నను ఉన్నదున్నట్టు చదవండి. శాతం సంగతి తర్వాత.

అమెరికా సర్వే సంస్థ గ్యాలప్ 1965 నుంచీ అడుగుతున్న ప్రశ్న ఇది: వలసలు పెంచాలా, తగ్గించాలా, ఇప్పుడున్నట్టే ఉంచాలా? తగ్గించాలన్నవాళ్లు 2024లో 55%, 2025లో 30%. అందుకే తేదీ లేని అంకెను నమ్మొద్దు. పైగా ఆ ప్రశ్న మొత్తం వలసల గురించి; హెచ్-1బీ మీద వాళ్ల అభిప్రాయం అందులోంచి తీయలేం.

ప్రశ్నలో నాలుగు మాటలు కలిపినా జవాబు తిరగబడుతుంది. ఇరాక్ పాలకుడు సద్దాంను దించడానికి సైనిక చర్య సరేనా అని 2003లో ప్యూ అనే మరో సర్వే సంస్థ అడిగితే 68% సరేనన్నారు. అమెరికా సైనికులు వేలల్లో చనిపోయినా, గాయపడినా సరేనా అంటే 43 శాతమే.

తర్వాత ఎవరిని అడిగారో చూడండి. ‘పెద్దలు’ అని ఉంటే పౌరసత్వం లేని మనవాళ్లూ అందులో ఉండొచ్చు. ‘రిజిస్టర్డ్ ఓటర్లు’ అంటే ఉండరు. ఈ రెండు రకాల సర్వేలను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

వెయ్యిమందిని అడిగిన శాంపిల్‌లో వచ్చిన శాతం అసలు శాతానికి సుమారు 3 పాయింట్లు అటూ ఇటూ ఉండొచ్చు. ఇద్దరు అభ్యర్థుల మధ్య ఆధిక్యానికైతే అది దాదాపు రెట్టింపు, కాబట్టి 48-46ను ముందంజ అనలేం. పోయిన నెలకూ ఈ నెలకూ మార్పు 4 పాయింట్లు దాటితేనే పట్టించుకోండి. ఎక్కువమంది బోల్తా పడేది ‘భారతీయ అమెరికన్ల మాట’ దగ్గర: వాళ్లు జనాభాలో ఒకటిన్నర శాతం, అంటే వెయ్యిలో పదిహేనుమంది! వాళ్లకంటూ విడిగా చేసిన సర్వే అయితేనే చదవండి.

శాంపిల్ పెద్దదైనంత మాత్రాన నిజమవదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి కార్డులు పంపింది, 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి, ల్యాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ల జాబితాలు వాడటం, కోపంగా ఉన్నవాళ్లే ఎక్కువగా జవాబివ్వడం దెబ్బ కొట్టాయి.

చివరగా, వెయిటేజీలో (జవాబిచ్చినవాళ్ల పొందిక జనాభాకు సరిపోయేలా లెక్కను సర్దడంలో) చదువు ఉందో లేదో చూడండి. డిగ్రీ ఉన్నవాళ్లు సర్వేలకు ఎక్కువగా జవాబిస్తారు. 2016లో చాలా రాష్ట్రాల సర్వేలు దీన్ని సరిచేయక ట్రంప్ ఓట్లను తక్కువగా చూపాయి.