ఒంటెకు జబ్బు చేసిందా, లేక అది దాని తీరేనా?

బికనేర్, జైసల్మేర్ వైపు ఒంటెల్ని మొదటిసారి దగ్గరగా చూసేవాళ్లు, అందులోనూ ఆవులూ గేదెల లెక్కలు బుర్రలో పెట్టుకుని వెళ్లేవాళ్లు, మామూలు విషయాలకు టెన్షన్ పడిపోతారు, అసలు పట్టించుకోవాల్సిన వాటిని వదిలేస్తారు.

సమస్య: సాయంత్రం థర్మామీటర్ పెడితే 40 డిగ్రీలు దాటింది

కారణం: చాలాసార్లు అది జ్వరం కాదు. నీళ్లు సరిగా దొరకని ఒంటె ఒళ్లు వేసవిలో తెల్లవారుజామున 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండి, సాయంత్రానికి 41 దాకా వెళ్తుంది. మనకైతే ఒళ్లు కాస్త వేడెక్కగానే చెమట పట్టి నీళ్లన్నీ పోతాయి, ఒంటె మాత్రం పగటి వేడిని ఒంట్లోనే ఓర్చుకుని రాత్రి ఎడారి చల్లబడ్డాక వదిలేస్తుంది. 1950ల్లో ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త సహారాలో ఒంటెల్ని పరిశీలించి ఈ సంగతి తేల్చాడు. రోజూ నీళ్లు తాగే ఒంటెలో ఈ హెచ్చుతగ్గులు సుమారు 2 డిగ్రీలే. కాబట్టి ఎన్ని డిగ్రీలుందో ఒక్కటే చూస్తే సరిపోదు, ఏ వేళకి కొలిచారు, నీళ్లు తాగి ఎన్నాళ్లయింది అన్నది కూడా చూడాలి.

ఏం చేయాలి: కడుపునిండా నీళ్లు పెట్టి, మర్నాడు పొద్దు పొడవకముందే మళ్లీ కొలవండి. ఆ చల్లటి వేళ కూడా 39 దాటితే అనుమానించాల్సిందే. జ్వరం వచ్చిపోతూ, మనిషి చిక్కినట్టు ఒంటె చిక్కిపోతూ, కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపలి పొర తెల్లగా పాలిపోయి ఉంటే అది సర్రా కావచ్చు. జోరీగలు కుట్టినప్పుడు ట్రిపనోసోమా అనే పరాన్నజీవి రక్తంలోకి చేరితే వస్తుంది, వానల తర్వాత ఎక్కువ. మూడేళ్లు పీడిస్తుందని అక్కడివాళ్లు దీన్ని తిబర్సా అంటారు. రక్తపరీక్ష చేయించి డాక్టరు చేతే ఇంజెక్షన్ వేయించండి, సొంత వైద్యం వద్దు.

సమస్య: మూపురం ఒక పక్కకి వాలిపోయింది

కారణం: అందులో ఉండేది నీళ్లు కాదు, కొవ్వు. మేత చాలకపోతే కరిగిపోతుంది, ఎన్ని నీళ్లు పోసినా లేవదు.

ఏం చేయాలి: మేత పెంచండి. అక్కడ ఖేజ్రీ ఆకు దానికి ప్రాణం. అదేదో కొత్త చెట్టనుకునేరు, మనం దసరాకి పూజించే జమ్మే! ఉప్పు కూడా మరవొద్దు, ఒంటెకి మిగతా పశువులకంటే చాలా ఎక్కువ కావాలి. మేత బాగా తింటున్నా మూపురం తగ్గుతుంటే పైన చెప్పిన సర్రాని గుర్తు చేసుకోండి.

సమస్య: తొట్టెకి తొట్టె తాగేస్తోంది, ఆపాలా?

ఆపొద్దు. ఒంట్లో నీరు తగ్గి బరువులో పాతిక శాతం పోయినా ఒంటె తట్టుకుంటుంది, ఆ తర్వాత పది పదిహేను నిమిషాల్లో 100 లీటర్లు లాగించేస్తుంది. దాని ఎర్ర రక్తకణాలు కోలగా ఉంటాయి, ఒక్కసారిగా నీళ్లు చేరినా ఉబ్బుతాయే గాని పగలవు. ఇక మూత్రం చిక్కగా ఉన్నా, పెంటికలు అప్పుడే పొయ్యిలో పెట్టుకునేంత పొడిగా ఉన్నా భయం లేదు, నీటిని పొదుపు చేస్తోందంతే.

సమస్య: నోట్లోంచి పేగు లాంటిది బయటికొచ్చింది!

శీతాకాలమా, మగ ఒంటేనా? అయితే అది పేగూ కాదు, పుండూ కాదు. ఎదకొచ్చిన మగది మెత్తటి అంగిలిని గాలితో ఉబ్బించి బుడగలా నోటి పక్కనుంచి వేలాడదీస్తుంది, గొంతులోంచి గురగురమని చప్పుడు, మూతి నిండా నురగ. మెడ వెనక కంపు కొట్టే నల్లటి జిగురు కూడా కారుతుంది. ఆ రోజుల్లో మేత కూడా సరిగా తినదు. దాన్ని లాగడం, కోయించడం లాంటి తెలివితక్కువ పనులు చేయకండి, ముందు మీరు దూరంగా జరగండి, ఆ సీజన్లో అది కరిస్తే మామూలుగా ఉండదు.

సమస్య: సముద్ర తీరానికి తెచ్చాక నీరసపడింది

కారణం: ఎడారి పొడి గాలిలో చెమట చర్మం దగ్గరే ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది. మన కోస్తా ఉక్కలో అది ఆరదు, పైగా ఈగలూ జోరీగలూ.

ఏం చేయాలి: సవారీలు పొద్దున, సాయంత్రమే పెట్టుకోండి. మధ్యాహ్నం గాలి ఆడే నీడలో కట్టేయండి. వేడిగా ఉంది కదాని ఎండాకాలం బొచ్చు మొత్తం కత్తిరించేయకండి, ఎండలో ఆ బొచ్చే దానికి గొడుగు. సహారాలో బొచ్చు తీసేసిన ఒంటె దాదాపు ఒకటిన్నర రెట్లు చెమటోడ్చింది. వానాకాలం బురదలోనూ నున్నటి గచ్చు మీదా నడిపించొద్దు, ఇసుక కోసం ఏర్పడిన ఆ వెడల్పాటి మెత్తటి పాదాలకు అక్కడ పట్టు దొరకదు, కాళ్లు చెరో పక్కకి జారితే మళ్లీ లేపడం చాలా కష్టం.