పచ్చళ్ళ కొట్టుకి వెబ్‌సైట్ ఎలా పెట్టాలి?

మా బాబాయికి గుంటూరులో పచ్చళ్ళ కొట్టు ఉంది. ముందు ఆయనకి, తర్వాత ఆయన చెప్పగా వచ్చిన చీరల షాపులకి, రెండు ట్యూషన్ సెంటర్లకి, ఒక కల్యాణ మండపానికి సైట్లు పెట్టాను. పేజీ తయారుచేయడం ఎవరైనా చేసేస్తారు. కొన్న పేరుకి ఆ పేజీని కలిపే చోటే అందరూ బోల్తా పడతారు, నేనూ పడ్డాను. అందుకే మిగతాదంతా గబగబా చెప్పేసి అక్కడ ఆగుతాను.

కావాల్సినవి: ఒక ల్యాప్‌టాప్ (ఫోన్‌లోనే అయిపోతుందని చెప్పేవాళ్ళని నమ్మకండి), కొట్టు పేరు మీద కొత్తగా తెరిచిన జీమెయిల్, వెయ్యి నుంచి పదిహేను వందల రూపాయలు, ఒక ఆదివారం.

పేరు కొనడం

డాట్ కామ్ దొరికితే డాట్ కామ్, లేదంటే డాట్ ఇన్. డాట్ షాప్, డాట్ ఆన్‌లైన్ లాంటివి మొదటి ఏడాది చవగ్గా ఇస్తారు, రెండో ఏడాది బిల్లు చూసి నోరెళ్ళబెడతాం. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది, నాకూ ముచ్చటే, కానీ డాలస్‌లో కూర్చున్న కస్టమర్ తెలుగు కీబోర్డు లేకుండా దాన్ని ఎలా కొడతాడు? పేరులో అంకెలు, అడ్డగీతలు వద్దు. ఫోన్‌లో ఒకసారి చెప్తే అవతలివాళ్ళు తప్పు లేకుండా రాసుకోగలగాలి. బాబాయి పేరులో 'ఆవకాయ' ఉండి తీరాలన్నాడు. ఇంగ్లీషులో ఎలా రాస్తారని ఇంట్లో నలుగురిని అడిగితే నాలుగు రకాలుగా రాశారు. చివరికి ఇంటిపేరుతో సరిపెట్టుకున్నాం.

డొమైన్‌ని, అంటే సైటుకి కొనే ఈ పేరుని, మీ పేరు మీద, మీ మెయిల్‌తో, మీ డబ్బుతో కొనండి. సైటు చేసిపెట్టే కుర్రాడు "నేను కొనేస్తాలెండి అంకుల్" అంటే వద్దనండి. వాడు మంచివాడే కావచ్చు. నాకు తెలిసిన చీరల షాపు ఆయనకి అలాగే ఒకబ్బాయి కొనిపెట్టాడు, తర్వాత ఉద్యోగం వచ్చి ఊరు మారాడు, నంబరూ మార్చాడు. గడువు అయిపోతోందన్న మెయిళ్ళన్నీ ఆ అబ్బాయి పాత ఇన్‌బాక్స్‌కే వెళ్ళాయి. పేరు పోయింది. క్యారీ బ్యాగులన్నీ ఆ పేరుతోనే అచ్చేయించి ఉన్నాయి, అవన్నీ అయిపోయేదాకా పేరు మీద మార్కర్‌తో గీత కొట్టి ఇచ్చారు పాపం.

కొన్నాక మెయిల్ నిర్ధారించమని ఒక లింకు వస్తుంది. డాట్ కామ్ అయితే 15 రోజుల్లోపు దాన్ని నొక్కాలి, లేకపోతే పేరు పనిచేయకుండా ఆపేస్తారు. స్పామ్‌లో కూడా వెతకండి.

పేజీ

ఒకే పేజీ, మామూలు హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే భాష). చిన్న కొట్టుకి అంతకన్నా ఎక్కువ వద్దు. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ 2003 నుంచీ ఉంది, మంచిదే, కానీ దానికి ప్లగిన్లు (పైన తగిలించే చిన్న ప్రోగ్రాములు), వాటికి అప్‌డేట్లు ఉంటాయి. పొద్దున్నే నాలుగింటికి లేచి ఆవపిండి పట్టించే మనిషి ప్లగిన్లు అప్‌డేట్ చేస్తూ కూర్చుంటాడా? రెండేళ్ళు వదిలేస్తే ఏదో ఒకరోజు ఎవడో లోపల దూరి మీ గోంగూర పేజీలో పేకాట ప్రకటనలు పెడతాడు. మామూలు పేజీకి ఆ బెడద లేదు, పదేళ్ళు ముట్టుకోకపోయినా అలాగే ఉంటుంది. హెచ్‌టీఎంఎల్ రాదంటారా? ఉచిత టెంప్లేట్లు బోలెడున్నాయి, ఒకటి తీసుకుని అందులో మాటలు మార్చుకోవడమే.

పేజీలో ఉండాల్సినవి: కొట్టు పేరు, కొండగుర్తుతో సహా చిరునామా, తెరిచే వేళలు, ధరల పట్టిక, ఫొటోలు. తినే వస్తువులు అమ్ముతుంటే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు. అన్నిటికన్నా పైన వాట్సాప్ బటన్. దాని లింకులో ఫోన్ నంబరుకి ముందు 91 పెట్టాలి, ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ పెట్టకూడదు. రోజుకి పది, పదిహేను ఆర్డర్ల దాకా వాట్సాప్, యూపీఐ సరిపోతాయి, పేమెంట్ గేట్‌వే (సైట్లోనే డబ్బు కట్టించుకునే ఏర్పాటు) జోలికి పోకండి.

తెలుగులో పెట్టేటప్పుడు ఒక చిక్కు. మీ కరపత్రం డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించి ఉంటారు. ఆ ఫైల్లోంచి కాపీ చేసి పేజీలో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ కాదు, అంటే ఫోన్లూ బ్రౌజర్లూ తెలుగు అక్షరాలుగా గుర్తుపట్టే పద్ధతి కాదు. కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తులు తారుమారవుతుంటాయి. ధరల పట్టిక ఎంత, ముప్పై లైన్లు, ఫోన్‌లో మళ్ళీ కొట్టేయండి. ఫాంటు విషయానికొస్తే నేను ఎప్పుడూ మండలి వాడతాను, శీర్షికలకి రామభద్ర. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంకేదీ బాగుండదు.

ఫొటోలు పగటి వెలుగులో తీయండి. ట్యూబ్‌లైటు కింద ఏ పచ్చడైనా చింతపండు గుజ్జులాగే కనబడుతుంది. ఫోన్ ఫొటో ఒక్కొక్కటి 4, 5 ఎంబీ ఉంటుంది, వెడల్పు 1200 పిక్సెళ్ళకి తగ్గించి 200 కేబీ లోపుకి తెచ్చాకే పెట్టండి.

హోస్టింగ్

హోస్టింగ్ అంటే మీ పేజీని ఇంటర్నెట్లో ఉంచే చోటు. నెట్లిఫై లాంటి చోట ఖాతా తెరిచి, పేజీ, ఫొటోలు ఉన్న ఫోల్డర్‌ని బ్రౌజర్‌లోకి లాగి వదలండి. నిమిషంలో ఏదో ఒక పొడుగాటి అడ్రసుతో సైటు కనబడుతుంది. ఇంత చిన్న సైటుకి ఉచిత ప్లానే చాలు. నెలకి 69 రూపాయలే, నాలుగేళ్ళది ఒకేసారి కట్టండి అనే ఆఫర్లు వస్తాయి. ఆ ధర మొదటి విడతకే, పైన 18 శాతం జీఎస్టీ, రెన్యువల్‌కి వచ్చేసరికి రేటే మారిపోతుంది.

ఇప్పుడు డీఎన్‌ఎస్

ఇక్కడ నెమ్మదించండి. టీ తాగి రండి.

పేరు ఒక కంపెనీలో ఉంది, పేజీ ఇంకో చోట ఉంది, మెయిల్ బహుశా మూడో చోట ఉంది. ఫలానా పేరుతో ఎవరైనా వస్తే ఎటు పంపాలో చెప్పే చిట్టాయే డీఎన్‌ఎస్. మీరు చేయాల్సింది ఆ చిట్టాలో రెండంటే రెండు లైన్లు మార్చడం. జనం చిట్టా మొత్తాన్ని చించేస్తారు.

నేనూ అదే చేశాను. బాబాయికి అప్పటికే ఆ డొమైన్ మీదే ఒక మెయిల్ (జీమెయిల్ కాదు) ఉండేది, హోల్‌సేల్ ఆర్డర్లన్నీ దానికే వచ్చేవి. నేను యూట్యూబ్‌లో చూసి నేమ్‌సర్వర్లు, అంటే ఆ చిట్టా ఉండే సర్వర్లనే, మార్చేశాను. సైటు బ్రహ్మాండంగా వచ్చింది, ఇంట్లో అందరికీ చూపించాను. మెయిల్‌ని దారి పట్టించే ఎమ్‌ఎక్స్ లైన్లు కొత్త చిట్టాలో లేవన్న సంగతి నాకు తట్టలేదు. మే నెల, ఆవకాయ సీజన్. మూడో రోజు బాబాయి ఫోన్: "ఒరేయ్, హైదరాబాద్ పార్టీ మెయిలు పంపితే తిరిగొచ్చిందంటరా, ఏం చేశావు?" ఇందులో మోసం ఏమిటంటే పంపినవాళ్ళకీ వెంటనే తెలియదు. వాళ్ళ సర్వరు మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, రోజులు గడిచాక గానీ చేతులెత్తేయదు. ఈలోపు ఎన్ని ఆర్డర్లు పోయాయో ఇప్పటికీ లెక్క లేదు, బాబాయి మాత్రం ఏటా మామిడికాయల సీజన్లో గుర్తుచేస్తాడు.

కాబట్టి ముందు డొమైన్ కొన్న కంపెనీ సైట్లో లాగిన్ అయి, ఇప్పుడున్న చిట్టాని మొత్తం స్క్రీన్‌షాట్ తీయండి, కింద దాకా జరిపి, ఒక్క లైను వదలకుండా. ఎమ్‌ఎక్స్ (MX) అని ఉన్నవాటినీ, టెక్స్ట్ (TXT) అని ఉన్నవాటినీ ముట్టుకోకండి. అర్థం కాలేదు కదా అని చెరిపేయకండి, అవి చాలావరకు మెయిల్‌కి సంబంధించినవి.

నేమ్‌సర్వర్లు మార్చకండి. హోస్టింగ్ వాళ్ళు "మావి పెట్టుకోండి, తేలిక" అని పెద్ద బటన్ చూపిస్తారు, వద్దు. డాట్ కామ్ నేమ్‌సర్వర్ల సమాచారాన్ని బయటి సర్వర్లు 48 గంటల దాకా గుర్తుపెట్టుకుంటాయి. అంటే తప్పు చేసి ఐదు నిమిషాల్లో దిద్దుకున్నా, దాని ఫలితం రెండు రోజులు వెంటాడొచ్చు. చిట్టాలో ఒక లైను మారిస్తే అంత సాగదు, ఆ లైను పక్కనున్న టీటీఎల్ (TTL) అంకె ఎంతైతే అన్ని సెకన్లే. 3600 అంటే గంట. ముందురోజే దాన్ని 300కి తగ్గించి పెట్టుకుంటే మర్నాడు తప్పు జరిగినా ఐదు నిమిషాల్లో వెనక్కి రావచ్చు.

ఆ రెండు లైన్లు ఇవి. మొదటిది 'A' రికార్డు: పేరు గడిలో @ గుర్తు, విలువ గడిలో హోస్టింగ్ వాళ్ళిచ్చిన ఐపీ అడ్రసు (వాళ్ళ సర్వరుకి ఉండే అంకెల అడ్రసు). రెండోది సీనేమ్ (CNAME): పేరు గడిలో మూడు డబ్ల్యూలు, విలువ గడిలో ఇందాకటి పొడుగాటి అడ్రసు. చేత్తో కొట్టకండి, కాపీ చేయండి. పేరు గడిలో డబ్ల్యూలు మాత్రమే రాయాలి. చాలా ప్యానెళ్ళు మీ డొమైన్‌ని వాటంతటవే తగిలిస్తాయి, మీరూ పూర్తిగా రాస్తే పేరు రెండుసార్లు వచ్చి ఎక్కడికీ పోని అడ్రసు తయారవుతుంది.

కొత్త 'A' రికార్డు పెట్టాక పాతది చెరిపారా? డొమైన్ అమ్మినవాళ్ళు తమ ప్రకటనల పేజీకి పోయేలా ఒకటి ముందే పెట్టి ఉంచుతారు. రెండూ ఉంటే ఒకసారి మీ కొట్టు కనబడుతుంది, ఇంకోసారి వాళ్ళ ప్రకటన కనబడుతుంది. "మాకొచ్చింది", "మాకు రాలేదు" అని చుట్టాలు పోట్లాడుకుంటారు. నాలుగు 'A'లు వరసగా ఉండే రికార్డు (AAAA) కూడా ఒకటి ఉంటుంది, ఐపీవీ6 అనే కొత్త రకం ఐపీ అడ్రసుల కోసం. అది పాతదే మిగిలిపోతే ఇంకో వింత: ఇంట్లో వైఫైలో కొత్త సైటు, జియో సిమ్ ఉన్న ఫోన్లో పాత పేజీ. జియో తప్పేం లేదు, ఆ నెట్‌వర్క్ ఐపీవీ6 వాడుతుంది కాబట్టి పాత లైను పట్టుకుని వెళ్తోంది. కొత్త హోస్టు ఐపీవీ6 అడ్రసు ఇవ్వకపోతే ఆ లైను తీసేయండి.

మార్చాక ఆగండి. రాలేదని మళ్ళీ మార్చి, ఇంకోసారి మార్చి, చివరికి ఏది పనిచేసిందో తెలియని స్థితికి రాకండి. గంటాగి, వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళని తెరవమనండి. ఆ తర్వాత డొమైన్ మీద ఉన్న కొట్టు మెయిల్‌కి బయటి నుంచి ఒకటి పంపి, వచ్చిందో లేదో చూడండి. ఇది చూడకుండా నిద్రపోవద్దు. ఇక ఈ పనిని సీజన్లో అస్సలు పెట్టుకోకండి.

మిగిలినవి

డీఎన్‌ఎస్ సరిగ్గా ఉంటే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ (సైటుకీ చూసేవాళ్ళకీ మధ్య సమాచారం ఎవరూ చదవకుండా కాపాడేది) దానంతటదే వస్తుంది. చాలా హోస్టులు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థది ఉచితంగా పెట్టి, గడువు దాటకముందే వాళ్ళే రెన్యువల్ చేసేస్తారు. అది లేని సైట్లని క్రోమ్ 2018 జులై నుంచి 'నాట్ సెక్యూర్' అని చూపిస్తోంది. దీనికి ఎవరైనా ఏడాదికి మూడు వేలు అడిగితే నవ్వి ఊరుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో కొట్టు వివరాలకి సైటు లింకు తగిలించండి, ఊళ్ళో కస్టమర్లు ఎక్కువమంది అటునుంచే వస్తారు.

రెన్యువల్ సంగతి. ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉందని ధీమాగా ఉండకండి. 2021 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాక, విదేశీ కంపెనీలకి మన కార్డుల నుంచి ఆటోమేటిగ్గా డబ్బు కట్ అవడం చాలాసార్లు ఫెయిలవుతోంది. ఐదేళ్ళకి ఒకేసారి కట్టేయండి, డాట్ కామ్‌కి పదేళ్ళ దాకా కట్టొచ్చు. గడువు తేదీ మెయిల్లో ఉంటే ఎవరూ చూడరు. బాబాయి కొట్లో అయితే లైసెన్సు కాపీ ఫ్రేమ్ పక్కనే, గోడ మీద మార్కర్‌తో రాసి ఉంది.