పాత వీడియో గేమ్ పనిచేయడం లేదా? పారేసే ముందు ఇవి చూడండి

అటక మీద నుంచి దించిన వీడియో గేమ్‌ని టీవీకి తగిలించి, బొమ్మ రాకపోతే "పోయింది" అని తేల్చేసేవాళ్లే ఎక్కువ. నా చేతికి వచ్చినవాటిలో నిజంగా పోయినవి చాలా తక్కువ. 1990ల్లో, ఆ తర్వాత కొన్నేళ్లూ మన ఊళ్లలో అమ్మిన క్యాసెట్ గేముల్లో చాలావరకు 1983లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కి నకళ్లే. లోపలి సర్క్యూట్ చిన్నది. లోపం ఎక్కడుందో తెర మీద కనిపించేదాన్ని బట్టే చాలావరకు పట్టుకోవచ్చు.

లైటు వెలుగుతుంది, తెరంతా ఒకే రంగు

ఇది కనిపిస్తే ధైర్యంగా ఉండండి. బొమ్మ తయారుచేసే చిప్పు, టీవీ వైరు రెండూ బాగానే ఉన్నాయి. క్యాసెట్‌లోని ప్రోగ్రామ్ మాత్రం ఆటని నడిపే చిప్పుకి అందడం లేదు. ఈ క్యాసెట్‌కి ఒక్కో వైపు 30 చొప్పున 60 పిన్నులుంటాయి. వాటిలో ఒక్కదానికి మురికి పట్టినా ఆట మొదలుకాకపోవచ్చు.

పాటలు వస్తున్నాయి, ఆట నడుస్తోంది, కానీ బొమ్మలు ముక్కలుముక్కలుగా ఉన్నాయంటే అదీ ఇదే జబ్బు. ప్రోగ్రామ్‌కి, బొమ్మలకి వేర్వేరు పిన్నులుంటాయి. ఇక్కడ బొమ్మల వైపు పిన్ను సరిగ్గా తగలడం లేదు.

చిన్నప్పుడు మనమంతా క్యాసెట్‌లోకి ఉఫ్‌మని ఊది పెట్టేవాళ్లం. అప్పుడు ఆట వచ్చేది మన ఊదుడు వల్ల కాదు, తీసి మళ్లీ పెట్టడం వల్ల పిన్నులు కొత్తచోట తగిలేవి. నోటి తడి మాత్రం రాగి మీద మిగిలిపోయి చిలుము పట్టిస్తుంది. దయచేసి ఊదకండి.

ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. హైదరాబాద్‌వాళ్లయితే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. చెవి పుల్లకున్న దూదిని అందులో ముంచి, పిన్నుల పొడవునా లోపలి నుంచి బయటికి తుడవండి. మా పెద్దమ్మ వాళ్లింట్లో దొరికిన క్యాసెట్‌కి మొదటి పుల్ల కాటుకలా నల్లగా వచ్చింది, రెండోది బూడిదరంగు, ఐదోది తెల్లగా. ఆరోది అవసరం లేకుండానే మారియో లేచి కూర్చున్నాడు. తుడిచాక పది నిమిషాలు ఆరనిచ్చి, అడాప్టర్ తీసేసి ఉండగానే క్యాసెట్‌ని ఐదారుసార్లు పెట్టి తీయండి. సాకెట్‌లోని మురికి క్యాసెట్ మీదికి వస్తుంది, దాన్ని మళ్లీ తుడవండి. గరుకు కాగితం వాడొద్దు, పిన్నుల పైపూత పోతుంది. శానిటైజర్ కూడా వద్దు, వాటిలో చాలావాటికి గ్లిజరిన్ కలుపుతారు, అది జిగటగా మిగులుతుంది.

ఇంత చేసినా రాకపోతే ఇంకో క్యాసెట్ పెట్టి చూడండి. అది ఆడితే మొదటి క్యాసెట్టే పోయినట్టు. లోపల నల్లటి లక్క బొట్టులాంటి దాని కింద చిప్పు ఉంటే, దాన్ని బాగుచేయడం కుదరదు.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన ఎన్ఈఎస్ (అక్కడ అమ్మిన ఫ్యామికామ్ రూపం) అయితే సంగతి వేరు. దాని పవర్ లైటు సెకనుకోసారి ఆరి వెలుగుతుంటే, నకలు క్యాసెట్లని అడ్డుకోవడానికి లోపల పెట్టిన లాకౌట్ చిప్పు క్యాసెట్‌ని గుర్తుపట్టక పదేపదే రీసెట్ చేస్తోందన్నమాట. ముందు ఇలాగే శుభ్రం చేసి చూడండి. దాని అడాప్టర్ 120 వోల్టులది, మన ప్లగ్గులో నేరుగా పెట్టకండి.

లైటే వెలగడం లేదు, లేదా తెర మీద అలలు, గుయ్యిమనే శబ్దం

అనుమానం ముందు అడాప్టర్ మీదే. పాత అడాప్టర్‌లో కెపాసిటర్ ఎండిపోతే కరెంటు నిలకడగా రాదు, అలలూ రొదా దానివల్లే. కొత్తది కొనేటప్పుడు వోల్టేజీ ఒక్కటే చూస్తే చాలదు. మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్నది గేమ్ వెనకాలో కిందో గుర్తుతో ఉంటుంది. ఒరిజినల్ ఫ్యామికామ్‌కి మధ్యలో మైనస్. నకళ్లలో రెండు రకాలూ ఉన్నాయి. తిరగేసి పెడితే బోర్డు కాలిపోవచ్చు, కాబట్టి వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టి చూశాకే గుచ్చండి.

రిమోట్ పనిచేయడం లేదు

అన్ని బటన్లూ పోయాయా, ఒక్కటే పోయిందా? అన్నీ పోతే వైరు తెగింది. లోపల ఐదు తీగలుంటాయి, తెగేది సాధారణంగా రిమోట్‌లోకి వైరు దూరే మలుపు దగ్గర. ఆట నడుస్తుండగా ఆ మలుపుని వేళ్లతో మెల్లగా వంచి చూడండి. ఏదో ఒక కోణంలో బటన్ పలికితే దొరికినట్టే. అక్కడ కత్తిరించి, రంగుకి రంగు కలిపి టంకం పెడితే సరిపోతుంది.

ఒక్క బటనే పలకకపోతే స్క్రూలు విప్పి బోర్డుని ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బరు కింది నల్ల కార్బన్‌ని మాత్రం ఆల్కహాల్‌తో రుద్దకండి, అరిగిపోతుంది, తడిగుడ్డ చాలు. నాకెంతో ఇష్టమైన కిటుకొకటి చెబుతాను. ఎ, బి, వాటి టర్బో బటన్లు నాలుగింటి రబ్బరూ ఒకే చదరపు ముక్కగా ఉంటే, దాన్ని బోర్లించకుండా, పై అంచు కిందికి వచ్చేలా సగం చుట్టు తిప్పి పెట్టండి. కాంట్రా ఆటలో నొక్కీ నొక్కీ అరిగిన చోట, అంతగా అరగని టర్బో రబ్బరు వచ్చి కూర్చుంటుంది. కొత్త రిమోట్లు కొని చూశాను, బటన్లు గట్టిగా ఉండి వేలు నొప్పి పుట్టింది. పాతదాన్ని బతికించుకోవడమే మేలు.

కొత్త టీవీలో పెడితే మారియో ఆలస్యంగా దూకుతున్నాడు

గేమ్ తప్పు కాదు. ఎల్‌సీడీ టీవీ బొమ్మని సాగదీసి, సరిచేసి చూపించడానికి కొంత సమయం తీసుకుంటుంది. టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. ఏవీ జాక్ ఉంటే మధ్యలో చవక హెచ్‌డీఎంఐ కన్వర్టర్ వద్దు. బొమ్మ నలుపు తెలుపులో వస్తే కలర్ సిస్టమ్‌ని పాల్‌కో ఆటోకో మార్చండి.

గన్‌తో కాలిస్తే బాతు పడటం లేదు

ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. గన్‌లోని సెన్సర్ వెతికేది ఆ వెలుగునే. అది పాత డబ్బా టీవీ తెరని గీసే పద్ధతికి, వేగానికి తగ్గట్టు చేసింది, ఎల్‌సీడీలో పలకదు. గన్‌ని విప్పి పాడుచేసుకోకండి. ఎవరింట్లోనైనా పాత డబ్బా టీవీ మూలన పడి ఉంటే అడిగి తెచ్చుకోండి, బ్రైట్‌నెస్ కాస్త పెంచి నాలుగడుగుల దూరంలో కూర్చుని కాల్చి చూడండి.